మూడో షిఫ్టు ఏ రోజుది?

మా నాన్న సోమవారం రాత్రి డ్యూటీకి పోయి మంగళవారం పొద్దున ఇంటికొస్తే, అది సోమవారం డ్యూటీ. ఇది మా ఇంట్లో పసిపిల్లలకు కూడా తెలుసు. నేనూ ఆ ఇంట్లోనే పెరిగాను. అయినా కంప్యూటరు ముందు కూర్చోగానే మరిచిపోయాను. చదువుకుంటే మతి పెరుగుతుందంటారు. నాకు మతిమరుపు పెరిగింది.

తెలంగాణ రావడానికి నాలుగైదేళ్ల ముందు మాట. గోదావరిఖనిలో బొగ్గు గనుల ఏరియా ఆఫీసు గుమాస్తాను. కార్మికుల హాజరు చూపించే కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది. అందులో మెట్లు కట్టే పని నాకు అప్పజెప్పారు. పైన ఏరియా, దాని మీద నొక్కితే గనులు, గని మీద నొక్కితే నెలలు, ఆ కింద తేదీ, షిఫ్టు, పని, అట్టడుగున మనిషి పేరు. దీన్ని డ్రిల్ డౌన్ అంటారట. మా నాన్న బొగ్గులో డ్రిల్లు వేశాడు, నేను బొగ్గు కార్మికుల పేర్లలో వేశాను. ఆయన కనీసం ముందు గని పైకప్పు తట్టి చూసుకునేవాడు.

హెడ్డాఫీసు నుంచి బదిలీ మీద వచ్చిన మా కంప్యూటరు విభాగం అధికారి పై మెట్టు మీదే నిలబడి చూశారు. ఏరియా మొత్తంలో నాగాలు, అంటే డ్యూటీకి రాని రోజులు, బాగా ఎక్కువగా కనిపించాయి. ఆయన మొహం వెలిగిపోయింది.

"చూశావా, రిజిస్టర్లలో దాచినవన్నీ ఎలా బయటపడ్డాయో."

సోమవారం ఏరియా జనరల్ మేనేజరు, మా జీయం గారి ముందు సమీక్ష. ఎక్కువ నాగాలున్నవాళ్ల జాబితా ఆ రోజే తీస్తారు. జాబితాలో ఉన్నవాళ్లకు ఛార్జిషీటు.

శుక్రవారం మధ్యాహ్నం, నా పనితనం నేనే చూసి మురిసిపోదామని, మా క్వార్టర్ల వరసలో ఉండే, నేను బాబాయి వరసన కాక అని పిలిచే ఆయన పేరు దాకా దిగాను. మూడు నెలల్లో ఒక్క హాజరు లేదు.

కాక గనిలో నీళ్లు తోడే పంపు నడుపుతాడు. భార్యకు పక్షవాతం వచ్చినప్పుడు చాలా రోజులు డ్యూటీకి పోలేక ఒక ఛార్జిషీటు తీసుకున్నాడు. ఇంకొకటి వస్తే ఉద్యోగం పోతుందని అప్పుడే రాసిచ్చారు. అప్పట్నుంచి పగలు ఆమె దగ్గర ఉండాలని, అడిగి మరీ ఎప్పటికీ మూడో షిఫ్టే వేయించుకున్నాడు. రాత్రి పదకొండుకు లోపలికి, పొద్దున ఏడింటికి బయటికి. నా మెట్లలో లోపలికి పోయింది ఒక తేదీ, బయటికొచ్చింది ఇంకో తేదీ. పోయిన తేదీనే బయటపడనివాడు కంప్యూటరు దృష్టిలో రానేలేదు. షిఫ్టులు మారేవాళ్లకు మూడు వారాలకు ఒక వారం పోయింది. కాకకు అన్నీ పోయాయి.

అధికారి దగ్గరికి పరుగెత్తాను.

"సార్, మూడో షిఫ్టు తప్పు చూపిస్తోంది. మెట్లు నేనే తప్పు కట్టాను."

"ఇప్పుడా చెప్పేది? సమీక్ష అయ్యాక చూద్దాం. అప్పటిదాకా దేన్నీ ముట్టుకోకు."

సాయంత్రం హోటల్ దగ్గర కాకే ఎదురయ్యాడు.

"ఏంది కొడుకా, మొకం గట్ల పెట్టినవ్?"

"ఏం లేదు కాక."

"మా పేర్లన్ని కంప్యూటర్ల ఎక్కించిన్రట గదా. నాది మంచిగ ఎక్కిచ్చినవా?"

"ఎక్కిచ్చిన."

"ఇగ నాకేం ఫికర్. మనోనివి, నువ్వున్నవ్."

చాయ్ సగంలోనే పెట్టేసి ఇంటికొచ్చాను. శనివారమంతా ఒకటే లెక్క. ముట్టుకుంటే నాకు మెమో, ముట్టుకోకపోతే కాకకు ఛార్జిషీటు. ఆదివారం పొద్దున, ఆఫీసులో కళ్లజోడు మరిచిపోయానని వాచ్‌మన్‌కు చెప్పి లోపలికి పోయాను. కళ్లజోడు నా ముక్కు మీదే ఉంది. పాపం, ఆయన తాళం తీశాడు.

తేదీ అనే మెట్టు తీసేసి, దాని చోట 'డ్యూటీ దినం' అని కొత్తది కట్టాను. పొద్దున ఏడింటికి మొదలై మర్నాడు ఏడింటికి ముగిసే రోజు, మా నాన్న రోజు. మళ్లీ కాక దాకా దిగాను. మూడు నెలల్లో రెండే నాగాలు.

సోమవారం జీయం గారు తానే నొక్కుతూ దిగారు. గనిలో చిన్న ఉద్యోగంతో మొదలుపెట్టి పైకొచ్చిన మనిషి. ఒకచోట ఆగారు.

"డ్యూటీ దినం. ఇది ఎవరు పెట్టారు?"

నేను కుర్చీలోంచి సగం లేచాను.

"గని తెలిసినవాడి పని," అన్నారాయన.

"నేనే సార్, దగ్గరుండి పెట్టించాను," అన్నారు మా అధికారి, ఆ మెట్టును అప్పుడే మొదటిసారి చూస్తూ.

జాబితా తీశారు. కాక పేరు లేదు. నాకు అది చాలు. అంటే, చాలనే అనుకున్నాను. బయటికొచ్చాక అధికారి నన్ను పక్కకు పిలిచారు.

"చెప్పినా వినలేదన్నమాట. సరే, పోనీ. రూపకల్పన అని నా పేరు కూడా అందులో పెట్టు."

ఎక్కడ పెట్టాలో ఆయన చెప్పలేదు. నేనూ అడగలేదు.

"అట్టడుగు దాకా నొక్కుకుంటూ పోతే కనిపిస్తుంది సార్," అని మర్నాడు చెప్పాను. ఆయన ఎన్నడూ రెండో మెట్టు దాటి నొక్కిన మనిషి కాదు.

రెండు వారాలకు కాక ఏదో సెలవు కాగితం పట్టుకుని వస్తే, కాక పేరున్న వరస తెర మీద చూపించాను. తన పేరూ, దాని కింద ఉన్న పేరూ కాక కళ్లు చిట్లించి చదివాడు.

"గీయనెవలు కొడుకా, నా కింద? హెల్పరా?"

"అవును కాక."

"ఒక్కనాడు గూడ పంపుకాడ కండ్ల వడకపాయె."

"నాగాలు ఎక్కువ," అన్నాను.