కోర్వెల్లా ఫ్యాక్టరీ దుబాసీ

డోరినా కవత్సూతి భోజనానికి కూర్చున్నా కుర్చీ అంచునే కూర్చునేది. ఎవరో పిలవబోతున్నారు, వెంటనే లేవాలి అన్నట్టుండేది ఆమె వాలకం. భర్త లోరిస్ జున్ను కేంద్రానికి పాల ట్యాంకరు తోలేవాడు, నిదానస్తుడు. "నీ కింద నిప్పులేమైనా ఉన్నాయా?" అని పెళ్ళయిన కొత్తలో అడిగేవాడు. తరువాత అడగడం మానేసి, ఆమె లేచి వెళ్ళినప్పుడల్లా ఆమె పళ్ళెం మీద మూత పెట్టడం అలవాటు చేసుకున్నాడు.

ఆ కాలు నిలవనితనం ఆమెకు చిన్నప్పుడే అంటుకుంది. తండ్రి ఇటలీలోని నొనాంతోలాలో పొలం పని వదిలి జర్మనీలో ఒక కార్ల ఫ్యాక్టరీలో కూలికి కుదిరాడు. డోరినా అక్కడే, కూలీల వరస ఇళ్ళలో పుట్టింది. బడిలో జర్మను పిల్లలు ఆమెను "మకరోనీ" అని పిలిచేవారు. ఆమెకు పన్నెండేళ్ళప్పుడు తండ్రికి నడుము పడిపోయింది. అందరూ సొంతూరు తిరిగొచ్చారు. ఇక్కడి బడిలో ఆమె పేరు "జర్మనీ పిల్ల" అయింది. నోరు తెరిచేముందు ఎదుటివాళ్ళ ముఖం చూసి, వాళ్ళకు ఏది కావాలో అది చెప్పడం అక్కడ నేర్చుకుంది. ఇక్కడా అదే అక్కరకొచ్చింది.

పెద్దయ్యాక సస్సువోలోలో ఒక టైల్స్ కంపెనీలో జర్మను కొనుగోలుదారులతో ఫోనులో మాట్లాడే ఉద్యోగం చేసింది. ఫోను తీగ ఎంత పొడవుంటే అంత మేరా గదిలో తిరుగుతూ మాట్లాడేది. ఆమె నలభై ఏళ్ళకు దగ్గరవుతుండగా, కోర్వెల్లాను జర్మన్లు కొన్నారని కబురొచ్చింది.

కోర్వెల్లా కార్లంటే ఆ చుట్టుపక్కల పదూళ్ళకు ప్రాణం. కొనే స్తోమత అక్కడ ఎవరికీ లేదు. అయినా ఏ కారు పరీక్షకు రోడ్డెక్కినా, పొలంలో ఉన్నవాడు తల ఎత్తకుండానే ఇంజను గొంతు విని ఏ మోడలో చెప్పేవాడు. కంపెనీ పెట్టిన పెద్దాయన పోయాక కొడుకులు కొట్టుకుని అమెరికా వాళ్ళకు అమ్మారు. అమెరికా వాళ్ళు ఏదో తూర్పు దేశపు కంపెనీకి అమ్మారు. ఇప్పుడు జర్మన్ల వంతు.

"ఎంతమంది మొగుళ్ళు మారినా పిల్ల మనూరిదేలే," అన్నాడు బార్లో ఒకాయన.

"అమెరికావాడు వైన్లో ఐసు వేసుకున్నాడు. ఆ తూర్పు దేశపువాడు మొహమే చూపించలేదు, సంతకం ఒక్కటే వచ్చింది," అన్నాడు ఇంకొకాయన. "ఈ జర్మనువాడు మాత్రం మన పక్కనే స్టూలు వేసుక్కూచుంటాడు, చూస్తూండు."

అన్నట్టే అయింది. కెస్లర్ అనే ఇంజనీరు వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ జేబులో ఉక్కు స్కేలుతో. ఆయనకు ఇటాలియన్ రాదు, ఫ్యాక్టరీలో ఎవరికీ జర్మను రాదు. మధ్యలో నిలబడడానికి డోరినాను దుబాసీగా తీసుకున్నారు.

రేకుల విభాగానికి పెద్ద ఎర్మెస్ గ్విదెత్తి. కొయ్య అచ్చు మీద అల్యూమినియం రేకు పరిచి, సుత్తితో కొట్టి కారు ఒళ్ళు చేసే మనుషులకు ఆయన నాయకుడు. డోరినా తండ్రితో కలిసి చిన్నప్పుడు పనారో ఏట్లో చేపలు పట్టినవాడు. ఆ చనువుతో ఆమెను "అమ్మాయ్" అనేవాడు, చిరాకు వస్తే "జర్మనీ పిల్లా" అనేవాడు.

మొదటిరోజే కెస్లర్ స్కేలు తీసి ఒక కారు తలుపుల దగ్గర సందులు కొలిచాడు. ఎర్మెస్ చేతులు కట్టుకుని చూశాడు.

"అమ్మాయ్, వాడితో చెప్పు. వాడు వాళ్ళమ్మ చంకలో ఉన్నప్పుడే నేను ఈ రేకు కొడుతున్నానని."

డోరినా కెస్లర్ వైపు తిరిగింది. "ఈయనకు ఈ పనిలో చాలా ఏళ్ళ అనుభవం ఉందట," అంది జర్మనులో.

"అంత అనుభవం ఉంటే ఎడమ తలుపు, కుడి తలుపు అక్కాచెల్లెళ్ళలా కూడా లేవేం? ఇక్కడ కార్లు చేయడం లేదు, మ్యూజియం నడుపుతున్నారు," అన్నాడు కెస్లర్.

డోరినా ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంది. "తలుపులు చూస్తేనే చేత్తో చేసినవని తెలుస్తోందట. మీ పని మ్యూజియంలో పెట్టాల్సిందట," అంది.

ఎర్మెస్ చేతులు విప్పాడు. ఆ మాట ఆయన వారం రోజులు ఊరంతా చెప్పుకున్నాడు.

అట్లా మొదలైంది. ఆమె అబద్ధం చెప్పాలని చెప్పలేదు. రెండు ముఖాలూ ఒకేసారి కనబడితే, రెండూ చల్లగా ఉండాలని ఆమె నాలుక తనంతట తనే మాటను మెత్తబరిచేది. పదును ఉన్నచోట అరగదీసేది, ఖాళీ ఉన్నచోట కాస్త మర్యాద పూసేది. రెండేళ్ళు తిరిగేసరికి ఆ ఇద్దరికీ ఒకరంటే ఒకరికి గౌరవం కుదిరింది. ఎర్మెస్ తన ఇంటి అటక మీద పీపాల్లో ఏళ్ళ తరబడి మాగబెట్టిన ద్రాక్ష వెనిగర్ సీసా ఒకటి కెస్లర్‌కు పండగ కానుకగా ఇచ్చాడు. కెస్లర్ చలికాలం పని కోసం మంచి జర్మను చేతి తొడుగులు తెప్పించి ఇచ్చాడు.

అందరూ డోరినాను మెచ్చుకున్నారు. ఆమెకు మాత్రం ఒంట్లో ఎక్కడో దురద పెడుతున్నట్టుండేది, గోకుదామంటే చోటు దొరికేది కాదు. ఆదివారాలు సైకిలు మీద ఏటి గట్టు వెంట పొగమంచులో తొక్కుకుంటూ పోయేది. ఎక్కడికి అని ఆమెకే తెలియదు. ఎవరు పలకరించినా, తాను చెప్పిన జవాబును మళ్ళీ లోపల చెప్పి చూసుకునేది. అందులో తన మాట ఏది, అరువు మాట ఏది అని.

మూడో ఏడు వసంతంలో కెస్లర్ ఎర్మెస్‌ను పై గదికి పిలిచాడు. కాగితాలేమీ లేవు. నిలబడే చెప్పాడు.

"ఎండాకాలం సెలవుల తరువాత రేకుల విభాగం తెరవం. రేకులు జర్మనీ నుంచి యంత్రం మీద అచ్చొత్తినవి వస్తాయి. నాకూ బాధగానే ఉంది. చెప్పండి, కవత్సూతి గారూ."

డోరినా ఎర్మెస్‌ను చూసింది. ఆయన ఆ రోజు కొత్త చొక్కా వేసుకుని వచ్చాడు, మెచ్చుకోలుకే పిలిచారనుకుని.

"సెలవుల తరువాత మీ విభాగంలో మార్పులుంటాయట. జర్మనీ నుంచి సామాను వస్తుందట."

"రానీ," అన్నాడు ఎర్మెస్. "కొత్త పనిముట్లు మంచివే. ముసలాళ్ళం నేర్చుకోలేమనుకోవద్దని చెప్పు."

"అర్థమైందట," అంది డోరినా కెస్లర్‌తో. ఆయన ఎర్మెస్ చెయ్యి రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఎర్మెస్ ఇంత పెద్దమనిషి తరహాగా తీసుకుంటాడని కెస్లర్ అనుకోలేదు.

తరువాత కొన్నాళ్ళకు లోరిస్ భోజనం దగ్గర మామూలుగా అన్నాడు. "మోదెనాలో పాత కార్లు బాగుచేసే ఆయన ఉన్నాడు చూడు, ఎర్మెస్‌ని వచ్చి తన షాపు మొత్తం చూసుకోమన్నాడట. ఈయన కుదరదన్నాడట. జర్మనువాడు నన్ను వదలడు, చెయ్యి పట్టుకుని మరీ ఉండమన్నాడు అని బార్లో చెప్పుకుంటున్నాడు."

డోరినా చెంచా చారులోనే ఉండిపోయింది. లేచి వాకిట్లోకి వెళ్ళింది, మళ్ళీ లోపలికి వచ్చింది, మళ్ళీ వెళ్ళింది. కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్న ఆమెను చూసి లోరిస్ పళ్ళెం మీద మూత పెట్టబోయి ఆగాడు.

"ఏం జరిగింది?"

"నేను చెప్పలేదు లోరిస్. రేకుల విభాగం మూసేస్తున్నామని కెస్లర్ చెప్పాడు. నేను చెప్పలేదు."

లోరిస్ మూత బల్ల మీద పెట్టాడు. "అయితే చెప్పు," అన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఆమె కెస్లర్ గదికి వెళ్ళి, రేకుల విభాగం అందరినీ పిలిచి ఆ మాట మళ్ళీ చెప్పమంది.

"ఒకసారి చెప్పాను కదా," అన్నాడు కెస్లర్.

"మీరు చెప్పారు. నేను చెప్పలేదు."

ఆయన కలం కింద పెట్టి ఆమెను ఎగాదిగా చూశాడు. ఉద్యోగం పోయిందనే అనుకుంది. ఆయన కోటు తొడుక్కుని, "పదండి," అన్నాడు.

సుత్తులు ఆగాయి. కెస్లర్ ఒక్కొక్క వాక్యం చెప్పి ఆగాడు. డోరినా ఒక్కొక్క వాక్యాన్నీ ఉన్నదున్నట్టు చెప్పింది. తొలిసారి ఆమె ఎవరి ముఖమూ చూడలేదు, నేల మీది అల్యూమినియం పొట్టును చూస్తూ చెప్పింది.

ఎర్మెస్‌కు అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. అర్థమయ్యాక మెడ మీద నరాలు లేచాయి.

"వాడితో చెప్పు. మీ కార్లు ఫ్రిజ్జులు. తలుపు వేస్తే చప్పుడుండదు, లోపల మనిషున్నాడో మాంసం ఉందో తెలీదు. చెప్పు, ఒక్క ముక్క వదలకుండా."

డోరినా చెప్పింది. కెస్లర్ చెవులు ఎర్రబడ్డాయి.

"మీ కార్లు వానలో నిలబెడితే లోపల చెప్పులు తేలతాయి," అన్నాడు ఆయన.

ఆమె అదీ చెప్పింది. వెనక ఎవరో పకపకా నవ్వారు. అది నిజం కాబట్టి ఇంకో ఇద్దరు నవ్వారు. ఎర్మెస్ కూడా ఒక్క క్షణం నవ్వబోయాడు. అంతలో ఏదో గుర్తొచ్చి డోరినా వైపు తిరిగాడు.

"అమ్మాయ్, మొదటిరోజు మ్యూజియం అన్నాడే. ఏమన్నాడు అసలు?"

"ఇక్కడ కార్లు చేయడం లేదు, మ్యూజియం నడుపుతున్నారు అన్నాడు."

"మరి నేను అన్నది?"

"మీరన్నది నేను ఆయనకు చెప్పలేదు, ఎర్మెస్ గారూ."

ఎర్మెస్ తలమీది టోపీ తీసి లోపలికి చూసి మళ్ళీ పెట్టుకున్నాడు. "రెండేళ్ళు నా నోట్లో చక్కెర పోశావు," అన్నాడు మెల్లగా. "మీ నాన్న ఏదైనా మొహం మీదే అనేవాడు."

ఆ రోజు తరువాత ఆయన ఆమెతో మాట్లాడలేదు. ఆమె కెస్లర్‌ను వదలకుండా వెంటబడింది. మెట్ల మీద, భోజనాల దగ్గర, పార్కింగులో కూడా, వాళ్ళకు ఏదైనా పని చూడమని అదే మాట. చివరకు అమ్ముడైన పాత కార్ల మరమ్మతుకని నలుగురికి చోటు దొరికింది. ఎర్మెస్‌కూ ఇస్తామన్నారు, ఆయన అక్కర్లేదన్నాడు. మోదెనా షాపుకే వెళ్ళాడు. అప్పటికి అక్కడ పెద్దగా ఇంకొకరు కుదిరిపోయారు. తనకంటే చిన్నవాడి చేతి కింద సుత్తి పట్టుకోవలసి వచ్చింది.

శీతాకాలం మొదట్లో విభాగం ఖాళీ చేస్తున్నప్పుడు ఎర్మెస్ తన వ్యాను వేసుకుని వచ్చాడు. కొయ్య అచ్చులు బయట వానకు తడుస్తూ పడి ఉన్నాయి, ఒకటి తీసుకుపోతానన్నాడు. పైనుంచి కెస్లర్ దిగి వచ్చాడు. డోరినా కిటికీ దగ్గర నిలబడి చూసింది. ఆమెను ఎవరూ పిలవలేదు. ఆమె తలుపు దాకా వెళ్ళింది, పిడి మీద చెయ్యి వేసింది, తిరిగి కిటికీ దగ్గరకు వచ్చింది.

కింద ఇద్దరూ ఏదో మాట్లాడుకుంటున్నారు. ఎర్మెస్ చేతులు ఊపుతున్నాడు. కెస్లర్ తల అడ్డంగా ఆడించాడు, తరువాత నిలువుగా ఆడించాడు. ఇద్దరూ చెరో కొసా పట్టి అచ్చును వ్యానులోకి ఎక్కించారు. ఎర్మెస్ చెయ్యి చాపాడా, లేక తడి తుడుచుకున్నాడా, ఆమెకు సరిగ్గా కనబడలేదు. వ్యాను గేటు దాటింది.

కెస్లర్ పైకి వచ్చాక ఆమె ఏమీ అడగలేదు, ఆయన ఏమీ చెప్పలేదు. సాయంత్రం ఇంట్లో ఆమె చూసింది చెప్పాక లోరిస్ అడిగాడు, "ఏమనుకున్నారంటావు?"

"తెలీదు," అంది డోరినా. కోటు తీయకుండానే కాసేపు బల్ల చుట్టూ తిరిగింది. తరువాత సైకిలు తీసుకుని గట్టు వైపు వెళ్ళింది.