రాయమల్లు మూడు బిళ్లలు

మందమర్రిలో ఉత్త రాయమల్లు అంటే ఎవరికీ తెలియదు, ల్యాంపు రూము రాయమల్లు అనాలి. బొగ్గు గనిలోకి దిగేవాళ్ల దగ్గర ఇత్తడి బిళ్ల తీసుకుని దీపం ఇవ్వడం, పైకొచ్చాక దీపం తీసుకుని బిళ్ల తిరిగివ్వడం, ముప్పై ఒక్క ఏళ్లు ఆయన చేసిన పని అదే. షిఫ్టు అయిపోయాక ఎవరి బిళ్లయినా ఇంకా కొక్కేనికి వేలాడుతుంటే ఆ మనిషి లోపలే ఉన్నాడని లెక్క. అందుకే బిళ్ల విషయంలో ఆయనకు మొహమాటం లేదు. ఒకసారి మేనేజరు బిళ్ల మరిచి వస్తే, "ఇంటికి పోయి తెచ్చుకోండ్రి సారూ" అని కిటికీ మూసేశాడు. రిటైరై నాలుగేళ్లయింది, బుద్ధి మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది.

ఈ మధ్య ఆయన ధ్యాస చావు మీదికి మళ్లింది. దానికి కారణం పక్కింటి ఇస్తారి. ఇస్తారి పోయినరోజు, పాడె లేపేముందు తాళం తీయడానికి ఫోను తెచ్చి ఆయన బొటనవేలికి ఆనించారు. తుడిచి ఒకసారి, నూనె రాసి ఒకసారి. బొగ్గు తవ్వి అరిగిపోయిన వేలు, బతికుండగానే సరిగ్గా పనిచేసేది కాదు, ఇక అప్పుడేం చేస్తుంది? మనవరాలి ఫోటోలన్నీ లోపలే ఉండిపోయాయి. బయటికొచ్చేది అలారం ఒక్కటే. పొద్దున ఐదింటికి అది మోగగానే భార్య గంగుబాయి లేచి ఇప్పటికీ రెండు గ్లాసుల చాయ్ పెడుతుంది.

రాయమల్లు ఫోనులో ఆయన్ని కన్న అవ్వ బాలవ్వ గొంతు ఉంది. పోయే ముందు ఏడాది పంపిన పన్నెండు సెకన్ల మాట. ఆ గొంతు ఇంకెక్కడా లేదు. తనతో పాటు అదీ మూతపడిపోతే అవ్వ రెండోసారి పోయినట్టేనని ఆయన బెంగ. ఇంకో ఫోనుకు పంపిస్తే అయిపోతుంది కదా అని మీరంటారు. కూతురు నవత కూడా అంది.

"మా అవ్వ గొంతు గ్రూపులల్ల తిరగద్దు బిడ్డా" అన్నాడు. ఆయనతో వాదించేవాళ్లకు వేరే పని లేనట్టే.

చివరికి ఆయన దారి ఆయనే చూసుకున్నాడు. ఫోను తాళం ఆరంకెలు. మూడు పాత బిళ్లలు తీసి, ఒక్కోదాని మీద రెండేసి అంకెలు కొట్టించాడు. ఫస్టు షిఫ్టు బిళ్ల భార్య జ్యోతిరాణికి, సెకండు షిఫ్టుది కొడుకు సంపత్‌కు, నైటు షిఫ్టుది నవతకు ఇచ్చాడు. ముగ్గురూ కలిసి షిఫ్టుల వరుసలో కొడితేనే తెరుచుకోవాలి. దొంగల భయంతో సంపత్ ఇంకోటి అమర్చాడు. ఐదుసార్లు తప్పు కొడితే ఫోనులో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది.

గనిలో అప్పుడప్పుడు ప్రమాదం జరిగినట్టు నటించి రిహార్సల్ చేయిస్తారు. మరి చావుకు మాత్రం రిహార్సల్ వద్దా? ఆదివారం పొద్దున రాయమల్లు స్నానం చేసి, హాల్లో చాప పరుచుకుని చచ్చిపోయాడు. ముక్కులో దూది పెట్టుకోబోతుంటే జ్యోతిరాణి లాక్కుంది.

"బతికున్న మనిషి చేసే పనేనా ఇది?" అని తన బిళ్లను పోపుల డబ్బాలోంచి తీసి పిల్లల ముందు పడేసి, వంటింట్లోకి పోయింది.

సంపత్ ధీమాగా ఫస్టు, సెకండు, నైటు వరుసలో కొట్టాడు. తప్పు. "బాపు ఉల్టా మనిషి, ఉల్టా కొట్టు" అంది నవత. నైటు, సెకండు, ఫస్టు. తప్పు. సెకండు ముందు పెట్టి ఇంకో రెండు రకాలుగా కొట్టారు. అవీ తప్పే.

"నాలుగైనయి. ఇంకొక్కటే ఉన్నదక్కా" అన్నాడు సంపత్. గొంతులో ధీమా పోయింది.

చాప మీద రాయమల్లుకు చెమటలు పట్టాయి. లేచి చెబుదామా? రేపు నిజంగా పోయాక లేచి చెప్పగలడా? చెప్పకపోతే అవ్వ గొంతు ఈ నిమిషమే పోతుంది. పంతం ఒకవైపు, అవ్వ ఒకవైపు. కాలి బొటనవేలు దానంతటదే ఆడసాగింది.

"బాపు కాలు కదులుతుందిరా" అంది నవత.

వంటింట్లోంచి జ్యోతిరాణి గరిటెతోనే వచ్చింది. "ఫస్టు షిఫ్టు వారమైనంక నైటు వస్తది, దానెనుక సెకండు. ముప్పై ఏండ్లు గా వరుసల్నే టిఫిన్ కట్టిన. నన్నెవరన్న అడిగిండ్రా?"

సంపత్ ఆ వరుసలోనే కొట్టాడు. ఫోను తెరుచుకుంది. నవత వెతికి బాలవ్వ మాట మీద వేలు పెట్టింది.

"రాయమల్లూ, తిన్నవా బిడ్డా? యాళ్లకు తిను. పైలంగ ఉండు. ఓ పిల్లా, గిదెట్ల బందు చేస్తరే?"



"తిన్ననవ్వా" అన్నాడు శవం.

కళ్లు మూసుకునే అన్నాడు. రెప్పల కిందనుంచి నీళ్లు చెవుల్లోకి జారుతున్నాయి.

జ్యోతిరాణి వంగి, ఫోనును నోటి దగ్గరికి తెచ్చుకుంది.

"తినలే అత్తమ్మా. పొద్దుగాల్నుంచి సచ్చిపోయి పండుకున్నడు. ఇప్పుడే పెడుత."