దర్జీ కాళ్ళు

ఆ దర్జీ నీళ్ళలో దిగినా కాళ్ళు మాత్రం కుట్టుమిషను మీదే ఉంటాయి. మోకాళ్ళు మడిచి టకటకా తొక్కుతాడు, నురగ లేస్తుంది, మనిషి ఉన్నచోటే ఉంటాడు. ఈతకొలనులో నేర్పేది సొంత మేనకోడలే గాని, నోరు మాత్రం అత్తగారి నోరు. "ఇవాళ అవతలి గోడ ముట్టకపోతే రేపట్నుంచి పసిపిల్లల తొట్టిలోకే, మావయ్యా!" అని తేల్చేసింది. ఈ బట్టతల పెట్టుకుని ఆ బుడతల మధ్య కూర్చోవడం కంటే మునగడమే నయమనుకున్నాడు. ముందు గట్టు పట్టుకుని, తుంటి దగ్గర్నుంచి కాలు మెల్లగా ఆడించాడు. పాదం కింద నీళ్ళు జారడం తెలిసేదాకా ఆడించి, అప్పుడు గట్టు వదిలాడు.

సగం దూరంలో కాళ్ళకి మళ్ళీ కుట్టుమిషను గుర్తొచ్చింది. మోకాళ్ళు మడతపడ్డాయి, నడుము కుంగింది, తల పైకెత్తి గుడ్లు తేలేశాడు. "తొక్కకు మావయ్యా! ఊరికే చాచు!" అని అరిచింది మేనకోడలు. మొహం నీళ్ళలో పెట్టి కాళ్ళు చాచాడు. ఏమీ చెయ్యకుండా ఉన్నాడు. నీళ్ళే నడుము ఎత్తాయి. నిద్రపోయే బిడ్డ పక్కన అడుగులేసినట్టు ఒక్కో కాలే కదుపుతూ పోతే వేళ్ళకి గోడ తగిలింది.

"హమ్మయ్య! నా టీ చల్లారిపోయింది. ఇక పైకి రా."

"ఉండవే! ఇప్పుడేగా నా కాళ్ళు నా మాట వింటున్నాయి" అని వెనక్కి తిరిగి, ఈసారి మరింత నిదానంగా బయల్దేరాడు.