ఊసేసిన మామిడికాయ

మానవ హక్కుల డాక్యుమెంటరీల పండుగ ఖమ్మంలో ముగిశాక, ఒక సాయంత్రానికి భద్రాచలం దారిలో అడవి అంచునున్న మా ఊరికీ వచ్చింది. అక్కడ బడిపంతులును నేనే కాబట్టి తెల్ల దుప్పటి, జనరేటరు, కుర్చీలు అన్నీ నా మెడకే చుట్టారు. ఉపన్యాసాలంటే నాకు ఒళ్ళుమంట. అందుకే వేదిక మీద కుర్చీలు తక్కువ వేయించాను. నిలబడ్డవాళ్ళు తొందరగా ముగిస్తారనుకున్నాను గానీ, నిలబడే గంటలకొద్దీ మాట్లాడారు.

చివరి సినిమా మా ఊరి కోయ అవ్వ మీద. పట్నం డైరెక్టరు కిందటేడు వచ్చి తీసుకెళ్ళినది. తెర మీద అవ్వ పచ్చి మామిడికాయ కొరికింది. సినిమాలోనే వెనక నుంచి వ్యాఖ్యానం చెప్పే బరువైన గొంతు ఒకటి, "ఆకలికి ఈమెకు దొరికింది ఇదొక్కటే" అంది. ఖమ్మంలో ఇక్కడే అందరూ కళ్ళు తుడుచుకున్నారట. మా ఊళ్ళో మాత్రం గుసగుసలు మొదలయ్యాయి.

మామిడి పండుగ చేసి, కొత్త కాయ దేవతకు పెట్టందే మా ఊళ్ళో ఎవరూ దాన్ని నోట పెట్టరు. తెర మీద అవ్వ వెనకాల ఇప్పపూలు ఆరబోసి ఉన్నాయి. ఇప్పపూలు రాలేది మామిడి పండుగకు ముందే. అంటే అది పండుగకు ముందు మాటే. అందరూ చూశారు.

ఊరి పెద్ద పటేల్ లేచాడు. "ఏంది వదినె, పండుగ గాకముందే కాయ తిన్నవా?"

"కొరికిన. మింగలే, ఊసిన."

"సినిమాల ఊసినట్టు లేదు గదా."

అవ్వ మొహం పాలిపోయింది. పండుగనాడు మొదటి పాట ఎత్తేది ఆమే. తప్పు రుజువైతే ఈ ఏడు ఆమెకు పాట లేదు. పండుగేమో వచ్చే వారమే. నాకు భయమూ వేసింది, నవ్వూ వచ్చింది. హక్కుల సినిమా వచ్చి, ఆమెకు ఉన్న ఒక్క హక్కూ ఊడగొట్టేలా ఉంది.

ఇంతలో వేదిక మీది ఒక అతిథి "ఇప్పుడు చర్చ" అంటూ మైకు అందుకున్నాడు. "కూసో సార్, ముందుగాల కాయ సంగతి తేలాలె" అన్నాడు పటేల్. అతిథి కూర్చున్నాడు. ఆ పూట నాకు కడుపు నిండిపోయింది.

నేను సినిమాతో పాటే వచ్చిన డైరెక్టరు చెవిలో, "కత్తిరించని క్యాసెట్టు తెచ్చారా?" అన్నాను.

"సంచిలో ఉందండీ. కానీ అది జనానికి చూపించేది కాదు."

"ఈ జనానికి అదే కావాలి."

క్యాసెట్టును ఆయన కెమెరాలో పెట్టి, కెమెరాను ప్రొజెక్టరుకు తగిలించాం. తెర మీద అవ్వ కాయ కొరికింది. "కొంచెం దిగులుగా చూడమ్మా" అని డైరెక్టరు గొంతు. అవ్వ పక్కకు తిరిగి తుపుక్కున ఊసింది. "ఇంకోసారమ్మా." మళ్ళీ కొరికింది, మళ్ళీ ఊసింది, చెంబు నీళ్ళతో నోరు పుక్కిలించింది. తర్వాత కెమెరా వైపు చూసి, "పొద్దుగాలనుంచి ఎండల నిలబడ్డవ్, ఏమన్న తిన్నవా కొడకా? ఇంట్ల జొన్న గటక ఉంది, తిని పో" అంది. కెమెరా నేల మీద పెట్టిన చప్పుడు. ఆ తర్వాత చాలాసేపు డైరెక్టరుగారు గటక జుర్రుతున్న చప్పుడే. ఊరు ఊరంతా విరగబడి నవ్వింది.

"వదినె తప్పేం లేదు. కొరికిచ్చినోడు పండుగకు కోడి ఇయ్యాలె" అని పటేల్ తీర్పు చెప్పాడు. డైరెక్టరు తల ఊపాడు.

అవ్వ మాత్రం నవ్వలేదు. "నువ్వు కూసోమంటె కూసున్న, కొరకమంటె కొరికిన. ఊసుడొక్కటే నా అంతట నేను చేసిన. గదే ఎందుకు కోసేసినవ్ కొడకా?"

డైరెక్టరు వంగి కెమెరా తీగలు ఊడదీయసాగాడు. ఆయన మీద నాకు జాలేసింది.

పండుగకు ఆయన కోడిని తెచ్చాడు, కెమెరా తేలేదు. అవ్వ మొదటి పాట ఎత్తింది. పూజయ్యాక కొత్త కాయ ముక్క ఒకటి తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"గిప్పుడు తిను" అంది. "ఊసకు."