గాజులు తీసి వెళ్లే నౌకరీ

నేను మందు గోలీల ఫ్యాక్టరీలో చేరినప్పుడు మా ఇంట్లో పెద్ద గొడవే అయింది, నా చేతి గాజుల మీద.

నర్సాపూర్ వైపున్న ఆ ఫ్యాక్టరీలో మేము ప్యాక్ చేసే మందులు సముద్రాలు దాటి పోతాయి. అందుకే రూల్స్ గట్టివి. గాజులు, మెట్టెలు, బొట్టు, పువ్వులు ఏవీ లోపలికి రానివ్వరు. పుస్తెలతాడు ఒక్కటే బట్టల లోపల దాచుకోనిచ్చారు. తెల్ల సూటు, టోపీ, మాస్కు వేసుకున్నాక అద్దంలో నన్ను నేనే పోల్చుకోలేకపోయేదాన్ని. కానీ నా కళ్లు దాటి ఒక్క పగిలిన గోలీ కూడా పోలేదు. ఈ మాట గొప్పకే చెబుతున్నాను. గొప్పలు చెప్పుకునే అవకాశం మాలాంటి వాళ్లకు ఎన్నిసార్లు వస్తుంది?

మా అత్తకు మాత్రం ఇది మింగుడుపడలేదు. ఆమెకు ముప్పై ఏళ్లు నిండకముందే మామ పోయాడు. ఆ రోజు ఆమె చేతులు పట్టుకుని గాజులు పగలగొట్టారు. అలాంటి మనిషి కళ్ల ముందే నేను రోజూ పొద్దున సబ్బు నురగ రాసుకుని గాజులు తీసేదాన్ని.

"నా కొడుకు బండ లెక్క ఉన్నడు. గిదేం నౌకరి పిల్లా? దసరా దాంక సూస్త, తర్వాత మానెయ్" అంది.

మా ఆయన ఆటో తుడుచుకుంటూ విననట్టు ఉండిపోయాడు. ఆ విద్యలో ఆయన్ని మించినవాడు మెదక్‌లో లేడు. అయినా నా కోసం బిడ్డకు జడ వేయడం నేర్చుకున్నాడు, వంకరటింకరగానే అనుకోండి. నాకు మానేయాలని లేదు. అత్తను కాదని వెళ్లే ధైర్యమూ లేదు.

దసరా ఇంకో వారం ఉందనగా పక్కింటి అమ్మాయికి పసుపు ఫంక్షన్ పెట్టుకున్నారు. డ్యూటీ బస్సు దిగి నేరుగా అక్కడికే వెళ్లాను. అందరికీ బొట్టు పెడుతూ వస్తున్న పెళ్లికూతురి తల్లి నా చేతులు చూసి ఆగింది.

"వట్టి చేతులతోని వచ్చినవేందమ్మా? ఇంటికి పోయి ఏసుకొని రా" అని నన్ను దాటి పక్కావిడకు పెట్టింది.

ఎప్పటిలాగే అందరికీ వెనక, గోడ పక్కన కూర్చున్న మా అత్త లేచింది. ఇప్పుడు తనూ నాలుగు అంటుంది, నా నౌకరీ ఇవాళ్టితో సరి అనుకున్నాను.

"ఎందుకు పోవాలె? గా చేతులు వట్టిగ ఉంటెనే మందు సాఫ్‌గ ఉంటది. ఏ దేశంల ఎవల బిడ్డ జెరంతోని పండుకున్నదో, నా కోడలు సూసి పంపిన గోలీనే మింగుతది. ముందుగాల దానికి వెట్టు బొట్టు!"

ఆవిడ పెట్టింది. పెట్టక చస్తుందా! నేను మాత్రం అందరి ముందే ఏడ్చేశాను, అంత గర్వంగా ఎప్పుడూ ఏడవలేదు.

మర్నాడు పొద్దున బస్సుకు ఆలస్యమవుతోందని గాజులు లాగుతుంటే అత్త సబ్బు తీసుకుని వచ్చి, నా చేతిని తన ఒళ్లో పెట్టుకుంది.

"గుంజకు బిడ్డా, పల్గుతయి" అంటూ ఒక్కటి కూడా చిట్లకుండా అన్నీ తీసి, బస్సెక్కడానికి నన్ను పంపించింది.