శనివారం మోగిన సుత్తి

ఫ్రాన్స్ తూర్పు సరిహద్దున ఆల్సాస్‌లోని ఆ పల్లెలో రోజూ తెల్లవారుజామున యూదుల తలుపుల మీద కర్రసుత్తితో మూడు దెబ్బలు కొట్టి, ప్రార్థనకు లేపడం గెట్షెల్ పని. ఊళ్లో ఎవరైనా పోతే రెండే దెబ్బలు. ఎద్దుమెడ మనిషి, అతను కొడితే గడపలు అదిరేవి. "తలుపు విరగ్గొడతావట్రా? నీ చేతులు పడిపోను!" అని రొట్టెలు కాల్చే నఫ్తాలి రోజూ లోపలినుంచి తిట్టేవాడు. "తిట్టడానికి లేచావుగా మామా, ఇక ప్రార్థనకి నడు" అనేవాడు గెట్షెల్. విశ్రాంతి దినమైన శనివారం మాత్రం సుత్తి ముట్టకుండా, గొంతెత్తి పిలిచేవాడు.

ఒక శనివారం పొద్దున్నే యూదుల్ని చంపాలని గొడ్డళ్లతో ఒక మూక వంతెన దాటి ఊరి మీద పడింది. గెట్షెల్ సుత్తి అందుకుని తలుపులు బాదుకుంటూ పరుగెత్తాడు. శనివారం సుత్తి మోగిందంటే కొంప మునిగిందని అందరికీ అర్థమై, పిల్లల్ని చంకనేసుకుని పెరటిదారిన పారిపోయారు. నఫ్తాలి మాత్రం తలుపు తీసుకుని వీధిలోకొచ్చి, "ఇవాళ సుత్తి పట్టావట్రా, పాపిష్టి వెధవా!" అని అరుస్తూ నిలబడ్డాడు. మొదటి గొడ్డలి వేటు అతని మెడ మీదే పడింది. గెట్షెల్ ఆ నరికినవాడి దవడ పగలగొట్టాడు. సుత్తి పిడి విరిగేదాకా కొడుతూనే ఉన్నాడు. మూక వెళ్లిపోయాక జనం తిరిగొచ్చారు. ఆదివారం తెల్లవారుజామున ఆ విరిగిన సుత్తితోనే ఇంటింటికీ రెండేసి దెబ్బలు కొట్టాడు. మూక తగలబెట్టిన నఫ్తాలి ఇంటికి తలుపు లేదు, కాలిన ద్వారబంధమే మిగిలింది. దాని మీద గట్టిగా మూడు కొట్టి, తిట్టు కోసం నిలబడ్డాడు.