భుజం మీది రెండు వేళ్లు

ఎనిమిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చిన్నదే, ఒక్క వాక్యం. దించుకోవడానికే చోటు దొరకలేదు. ఆమెకు చెప్పే ముందు మీకు చెబుతున్నాను. ఒకసారి నోరు తిరిగితే రెండోసారి తడబడనేమో.

అప్పుడు నాచారంలో ఒక ఫొటో స్టూడియోలో పనిచేసేదాన్ని. కంప్యూటర్‌లో ఫొటోలు కొలత ప్రకారం కత్తిరించడం నా పని. మూడున్నర సెంటీమీటర్ల వెడల్పు, నాలుగున్నర ఎత్తు. తల పైన ఎంత ఖాళీ వదలాలో నాకు కంటికొలతే. ఫొటో సరిగ్గా లేదని ఫారం వెనక్కి వచ్చినవాళ్లంతా నన్నే వెతుక్కుంటూ వచ్చేవారు. "ఈ పిల్ల కొలత తప్పదు" అనేవారు. ఆ మాటకు నేను పూరీలా ఉబ్బిపోయేదాన్ని.

యాదమ్మక్క అక్కడే ఒక కంపెనీలో సీసాలకు లేబుళ్లు అంటించేది. మంచం పట్టిన వాళ్లమ్మకు దవాఖానా కార్డు చేయించాలి, దానికి ఫొటో కావాలి. ముసలామెను స్టూడియోకు తెచ్చే వీలు లేదు. మరిది నర్సిమ్లు ఎప్పుడో తన డిజిటల్ కెమెరాతో తీసిన ఫొటో ఉందని, ఆ కెమెరాలోని మెమరీ కార్డు తెచ్చి ఇచ్చింది. గడప మీద తల్లీకూతుళ్లు కూర్చుని నవ్వుతున్నారు. కూతురి చెయ్యి తల్లి భుజం మీద ఉంది. నాకు కావలసింది తల్లి ఒక్కతే కాబట్టి ఆమె ముఖం చుట్టూ గీత గీసి, మిగిలినదంతా తీసేశాను. కొలత సరిపోయింది. సేవ్ నొక్కాను.

ముందు కాపీ తీసుకోవాలి. ఈ పని నేర్పేవాళ్లు మొదటి రోజు చెప్పే మాట అది. నేను తీసుకోలేదు. మెమరీ కార్డులోని అసలు ఫొటోనే కత్తిరించి, దాని మీదే సేవ్ చేశాను. గడప పోయింది, కూతురు పోయింది. ఆ రోజు అది నాకు తెలియను కూడా తెలియదు. అంతవరకు పొరపాటే.

రెండు నెలలకు ఆ తల్లి చనిపోయింది. యాదమ్మక్క మళ్లీ అదే మెమరీ కార్డు తెచ్చింది.

"ఇద్దరం ఉన్నది పెద్దగ జేసియ్యి బిడ్డా. అమ్మతోని నాకు గదొక్కటే ఫొటో."

తెరిచాను. చిన్న ముఖం ఒక్కటే ఉంది. గబుక్కున మూసేశాను.

"ఆ ఫొటో లేదక్కా."

"లేకుంటెట్ల? ఆ కెమెరా మా నర్సిమ్లు తప్ప ఎవ్వరు ముట్టరు."

"మరి ఆయనే తుడిపేసిండేమో."

ఎందుకన్నాను ఆ మాట? ఉద్యోగం పోతుందనా? మా యజమాని నెమ్మదస్తుడు, పల్లెత్తు మాట అనేవాడు కాదు. పోయేది కొలత తప్పదన్న నా పేరు. ఆ కాస్త పేరు కోసం, నేను ముఖమైనా చూడని మనిషి మీదికి నింద తోసేశాను.

పక్కపక్క గదుల్లో ఉండే ఆ వదినా మరిదికి మాటలు బందయ్యాయి. నర్సిమ్లు ఎంత మొత్తుకున్నా ఆమె నమ్మలేదట. ఎలా నమ్ముతుంది, బిడ్డా అని పిలిచిన నన్ను నమ్మాక? చివరికి అతను ఇల్లు ఖాళీ చేసి బోడుప్పల్ వెళ్లిపోయాడు. ఇదంతా ఆమే చెప్పేది, నేను తల ఊపుతూ వినేదాన్ని. అప్పుడైనా చెప్పవచ్చు కదా? సిగ్గు. రోజులు గడిచేకొద్దీ అది పెరిగిందే తప్ప తగ్గలేదు.

ఇప్పుడు ప్రత్యేక రాష్ట్రం కూడా వచ్చింది. ఉప్పల్‌లో నాకు సొంత దుకాణం ఉంది. మొన్న యాదమ్మక్క దరఖాస్తు ఫొటోల కోసం వచ్చింది. నర్సిమ్లు కూతురి ఓణీల ఫంక్షన్ ఆదివారమట, పిలుపు వచ్చిందట. పోవాలో వద్దో తోచడం లేదంది. ఏ తప్పూ చేయనివాడే ముందు పిలిచాడు. ఆమె కళ్లలో పోవాలనే ఉంది. నేనేమన్నాను? ఫొటోలు గురువారం ఇస్తానన్నాను.

రేపే గురువారం.

ఆనాటి చిన్న ఫొటోల్లో ఒకటి నా దగ్గర మిగిలింది. పారేయడానికి చేతులు రాలేదు. అందులో తల్లి భుజం అంచున రెండు వేళ్లు కనిపిస్తాయి, యాదమ్మక్కవి. కొలత తప్పని నేను అక్కడ మాత్రం తప్పాను, దేవుడి దయ. ఇవాళ దాన్ని పెద్దది చేశాను. మసకగానే వచ్చింది కానీ వేళ్లు తెలుస్తున్నాయి.

ఆమె తిడుతుందో, ఇక నా దుకాణం గడప తొక్కదో నాకు తెలియదు. ఫంక్షన్‌కు మాత్రం ఇంకా టైముంది. ఇందాక అద్దం ముందు నిలబడి ఆ మాట పైకి అని చూశాను. మాట బయటికి వచ్చింది.

"నర్సిమ్లన్న తుడిపెయ్యలేదక్కా. నేనే."